సిలిండర్ గ్యాసుతో చేసింది చాలు, ఇక మన పొగగొట్టం దగ్గరికి రండి

తెలంగాణ ప్రభుత్వ పరిశ్రమల శాఖ అధికారులకు, హైదరాబాద్‌లోని కెమికల్ ఇంజినీరింగ్ పరిశోధనా విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే అయానిక ద్రవాల (ద్రవరూపంలో ఉండే లవణాల) మీద జరుగుతున్న పరిశోధన గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పరిశోధకుణ్ణి కాను. ఉస్మానియాలో కెమికల్ టెక్నాలజీ చదువుకుని, అప్పటినుంచీ పటాన్‌చెరు, బొల్లారం వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల్లో సాల్వెంట్ రికవరీ (వాడేసిన ద్రావకాల్ని శుద్ధిచేసి తిరిగి వాడుకోవడం), బాయిలర్లు, ఎఫ్లుయెంటు (వ్యర్థజలం) చూసుకుంటున్నాను. తార్నాక ఐఐసీటీలో (భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో), కంది ఐఐటీలో రీసెర్చ్ చేసే పిల్లలు కొందరు నాకు తెలుసు. వాళ్ల పేపర్లు చదువుతాను, అర్థం కానిచోట ఫోన్ చేసి అడుగుతాను. వాళ్ల తెలివి మీద నాకు ఎంత నమ్మకమో, ఆ తెలివి ప్లాంటు గేటు దాకా రావడం లేదని అంత బాధ.

మిమ్మల్ని అడిగేది ఒకటే. పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల, నాచారం, వీటిలో ఏదో ఒకచోట నడుస్తున్న బాయిలర్ పొగగొట్టానికి తగిలించి ఒక ఉమ్మడి పైలట్ యూనిట్ (చిన్న ప్రయోగ ప్లాంటు) కట్టండి. నగరంలో ఎవరు కొత్త ద్రవం తయారుచేసినా దాన్ని అసలు పొగ మీద, అసలు తేమలో, మే నెల ఎండలో పరీక్షించుకునే వీలుండాలి. వచ్చిన అంకెలు మంచివైనా చెడ్డవైనా అందరికీ కనపడాలి. ఇది ఎందుకంత అవసరమో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా ఈ రంగం తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. మనం తినే ఉప్పులో ధన అయాను, రుణ అయాను రెండూ చిన్నవి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ రెంటిలో ఒకటి పెద్దదై, ఒకపక్కకి తోక సాగినట్టుంటే, స్ఫటికంలో సరిగా అమరదు. అలాంటి లవణం గది వేడిలోనే ద్రవంగా ఉండిపోతుంది. 100 డిగ్రీల లోపు ద్రవంగా ఉండే లవణాలన్నీ అయానిక ద్రవాల కుటుంబంలోకే వస్తాయి. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. 1992లో విల్క్స్, జవరోట్కో గాలికీ తేమకీ తట్టుకునే, నత్రజని వలయమున్న ఇమిడజోలియం లవణాలు తయారుచేశాక ప్రపంచం వీటివైపు తిరిగింది. 1999లో జోన్ బ్రెనెకె బృందం నేచర్ పత్రికలో ఒక విషయం చూపించింది: ఒత్తిడి కింద కార్బన్ డయాక్సైడ్ ఈ ద్రవంలోకి బాగా కరుగుతుంది, ద్రవం మాత్రం ఆ గ్యాసులోకి వెళ్లదు. కార్బన్ క్యాప్చర్‌లో అయానిక ద్రవాల కథ అక్కడ మొదలైంది. మన తార్నాక ఐఐసీటీలో కూడా ఈ శతాబ్దం మొదట్లోనే వీటిని సాల్వెంట్లుగా వాడి రసాయన చర్యలు చేశారు. అంటే ఈ ద్రవాలు మనకి నిన్న మొన్న పరిచయమైనవి కావు.

వీటి అవసరం ఏమిటో తెలియాలంటే ఇప్పుడున్న పద్ధతి చూడాలి. పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ తీయడానికి పరిశ్రమ వాడుతున్నది అమీన్ (అమ్మోనియా లాంటి నత్రజని సమ్మేళనం) ద్రావణం. దీని మీద బాటమ్స్ పేటెంటు 1930 నాటిది. నీళ్లలో 30 శాతం మోనోఇథనాల్ అమీన్ కలిపి, ఒక టవర్లో పొగకి ఎదురుగా పారిస్తారు. గ్యాసు పట్టుకున్న ద్రావణాన్ని ఇంకో టవర్లో 120 డిగ్రీల దాకా వేడిచేస్తే గ్యాసు వదులుతుంది. చక్కగా పనిచేస్తుంది. కష్టమంతా వేడి దగ్గరే. ద్రావణంలో 70 శాతం నీళ్లు కాబట్టి, గ్యాసుని విడిపించడానికి ఆ నీళ్లన్నిటినీ కూడా వేడిచేయాలి, కొంత ఆవిరి చేయాలి. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి మూడున్నర నుంచి నాలుగు గిగాజౌళ్ల వేడి అవుతుంది.

బాయిలర్ హౌసులో పనిచేసేవాడికి గిగాజౌళ్లు బొగ్గులోకి మారితే తప్ప విషయం తలకెక్కదు. కిలోకి 4,000 కిలో కేలరీలిచ్చే మామూలు బొగ్గుతో, బాయిలర్లో పోయే వేడి కూడా కలుపుకుంటే, అది దాదాపు 250 కిలోల బొగ్గు. ఆ బొగ్గు కాలితే మళ్ళీ 350 నుంచి 400 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే మా పటాన్‌చెరు లాంటి చోట బాయిలర్ ఆవిరితో అమీన్ యూనిట్ నడిపితే, టన్ను పట్టి అందులో మూడో వంతుకు పైగా తిరిగి గాలిలోకి వదులుతాం. పెద్ద థర్మల్ కేంద్రంలో టర్బైన్ నుంచి తక్కువ ఒత్తిడి ఆవిరి తీసుకుంటారు కాబట్టి లెక్క కొంత మెరుగు. అక్కడైనా ఆ మేరకు కరెంటు తగ్గుతుంది.

నీళ్లు లేని ద్రవం, ఆవిరై పోని ద్రవం, తక్కువ వేడితో గ్యాసుని వదిలే ద్రవం దొరికితే ఈ ఖర్చు పడిపోతుంది. అయానిక ద్రవాల మీద ఆశ అదే. అమీన్ కార్బన్ డయాక్సైడ్‌ని మోలుకి 85 కిలోజౌళ్ల బలంతో కట్టేస్తే, మామూలు అయానిక ద్రవంలో గ్యాసు కరగడమే తప్ప కట్టుబడదు. పదీ ఇరవై కిలోజౌళ్లు చాలు. పేపర్లలో ఈ పోలిక బాగా రాస్తారు. నేను కూడా మొదటిసారి చదివినప్పుడు ఇంత సులువైతే ఇంకా ఆలస్యం ఎందుకనుకున్నాను.

ఆలస్యం ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. అందరూ ముందుగా కొలిచే ద్రవం బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. 25 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌కి దానిలో హెన్రీ స్థిరాంకం (ఇది ఎంత పెద్దదైతే గ్యాసు అంత తక్కువ కరుగుతుంది) దాదాపు 53 బార్లు. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 శాతం, అంటే వాతావరణ పీడనం దగ్గర దాని వాటా 0.12 బార్. ఈ రెండూ పెట్టి లెక్కేస్తే, ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ కరగడానికి ఆ ద్రవం దాదాపు 2,800 కిలోలు కావాలి. అమీన్ ద్రావణమైతే ఇరవై కిలోలు సరిపోతుంది. ఇక ఆ రెండు టన్నుల ఎనిమిది వందల కిలోల్ని టవర్ పైకి ఎక్కించే పంపు గురించి మాట్లాడాల్సిన పనే లేదు.

ఈ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు, బీటెక్ మూడో సంవత్సరం చాలు. అయినా స్వచ్ఛమైన, పొడి కార్బన్ డయాక్సైడ్‌ని సిలిండర్ నుంచి ఒక బార్ దగ్గరో పది, ఇరవై బార్ల దగ్గరో పంపి, ఎంత కరిగిందో కొలిచి, పొగగొట్టాలకి పరిష్కారం దొరికిందన్న ధోరణిలో ముగించే పేపర్లు ప్రపంచమంతటా కుప్పలుగా వచ్చాయి, వస్తున్నాయి. కొలత తప్పని నేను అనను. ఆ కొలత బయోగ్యాసుని ఒత్తిడి పెట్టి శుద్ధిచేసే చోట పనికొస్తుంది, సింథసిస్ గ్యాసు (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం) దగ్గర పనికొస్తుంది. బాయిలర్ పొగకి మాత్రం పనికిరాదు. ఏది ఎక్కడికో చెప్పకుండా వదిలేయడం వల్లే పరిశ్రమ వాళ్లు ఈ రంగాన్నే పట్టించుకోవడం మానేశారు.

పొగకి పనికొచ్చేవి వేరే ఉన్నాయి. అమైనో ఆమ్లాల నుంచి చేసిన రుణ అయాన్లు, సయనోపైరోలైడ్ లాంటి నత్రజని వలయాలున్న అయాన్లు కార్బన్ డయాక్సైడ్‌ని రసాయనికంగా పట్టుకుంటాయి, దాదాపు ఒక మోలుకి ఒక మోలు, అంటే ద్రవంలో ఒక్కో అయాన్ల జతకి గ్యాసు అణువు ఒకటి. 2002లో డేవిస్ బృందం అయానుకే అమీన్ తోక తగిలించి ఈ దారి తెరిచింది. కానీ అమీన్ తగిలించిన వాటిలో చాలావరకు గ్యాసు పట్టుకునేకొద్దీ చిక్కబడతాయి. లోపల హైడ్రోజన్ బంధాల వల అల్లుకుంటుంది. మామూలుగానే నీటికి రెండు మూడు వందల రెట్లు చిక్కగా ఉండే ద్రవం, గ్యాసు తాగాక ఆముదం కంటే మందమైపోయి, చివరికి పాకం గడ్డకట్టినట్టు కదలనంటుంది. ఈ విషయంలో సయనోపైరోలైడ్ రకం మెరుగు, అంతగా చిక్కబడదు.

చిక్కదనం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ల్యాబ్‌లో దీని బాధ తెలియదు. గాజు పాత్రలో అయస్కాంతపు ముక్క తిరుగుతుంటే ఎంత చిక్కటి ద్రవమైనా కలుస్తుంది, రాత్రంతా వదిలేస్తే గ్యాసు కూడా కరుగుతుంది. టవర్లో ద్రవానికి దొరికేది కొద్ది నిమిషాలు. ప్యాకింగ్ (టవర్లో నింపే ముక్కలు) మీద పల్చటి పొరలా పారాలి, పొర లోపలికి గ్యాసు చొచ్చుకుపోవాలి. చిక్కటి ద్రవం పొరలా పరుచుకోదు, ధారలుగా చీలి గోడల వెంట జారిపోతుంది. ప్యాకింగ్ సగం పొడిగానే ఉంటుంది. సమతాస్థితి దగ్గర, అంటే ఇక కరగనంత వరకు ఆగితే, ఎంత పడుతుంది అన్నది పేపర్లో అంకె. ఐదు నిమిషాల్లో ఎంత పడుతుంది అన్నది నాకు కావలసిన అంకె. రెండోది పేపర్లలో ఎప్పుడో గాని కనపడదు.

ఇక మన పొగ సంగతి. గంటకి ఐదు టన్నుల ఆవిరినిచ్చే బాయిలర్ మా వైపు చాలా కంపెనీల్లో ఉంటుంది. మోటుగా చూస్తే గంటకి ఒక టన్ను బొగ్గు, టన్నున్నర కార్బన్ డయాక్సైడ్. బ్యాగ్ ఫిల్టర్ దాటి ఐడీ ఫ్యాన్ (పొగని గొట్టంలోకి లాగే ఫ్యాన్) నెట్టే పొగ 140, 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొల్యూషన్ బోర్డు వాళ్లు శాంపిల్ తీసే పోర్ట్ దగ్గర నిచ్చెన ఎక్కి నిలబడితే, ఆ పొగలో ఏముందో ముక్కుకే తెలుస్తుంది: సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు, ఫిల్టర్ సంచి ఒకటి చిరిగితే సన్నటి బూడిద, ఆపైన తేమ. బొగ్గు తగ్గించి బ్రికెట్లు (వ్యవసాయ వ్యర్థాలతో చేసిన ఇంధనపు దిమ్మలు) వేసిన రోజు తేమ ఇంకా ఎక్కువ. ఈ పొగని 40 డిగ్రీలకి చల్లబరిస్తే అడుగున చేరే నీళ్లు పుల్లటి ఆమ్లం, మామూలు ఇనప పైపుని తినేస్తుంది.

ఇందులోకి పేపర్లో చదివిన ద్రవాన్ని వదిలితే ఏమవుతుంది? హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, టెట్రాఫ్లోరోబోరేట్ రకాలు నీళ్లు తగిలి మెల్లగా విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తాయి. దానితో ప్లాంటులో ఎవరూ చెలగాటమాడకూడదు. ఎసిటేట్, అమైనో ఆమ్ల రకాలు సల్ఫర్ డయాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్ కంటే గట్టిగా పట్టుకుని, ఓ పట్టాన వదలవు. గ్యాసుని పట్టి వదిలే చక్రం తిరిగేకొద్దీ ద్రవం మొద్దుబారుతుంది. విదేశీ పేపర్లలో పొగ అంటే గంధకం తీసేశాక వచ్చే పొగ అని ముందే అనుకుంటారు. మన దగ్గర 2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ చాలా థర్మల్ కేంద్రాలకి ఎఫ్‌జీడీ (పొగలోంచి గంధకం తీసే యూనిట్) పెట్టాల్సిన అవసరం లేకుండా మినహాయింపులిచ్చింది. చిన్న బాయిలర్ల సంగతి అడగనే అక్కర్లేదు. కాబట్టి అక్కడ వంద చక్రాలు తట్టుకున్న ద్రవం మన పొగలో ఎన్ని చక్రాలు తట్టుకుంటుందో ఇక్కడే, ఈ పొగలోనే చూడాలి. ఆ పని ఇంకొకరు వచ్చి మనకోసం చేసిపెట్టరు.

ఈ ద్రవాల గురించి తరచూ వినే మాట ఇంకొకటుంది: ఆవిరి కావు కాబట్టి పర్యావరణానికి హాని లేదని. గాలి విషయంలో ఆ మాట చాలావరకు నిజం, మంట అంటుకునే భయం కూడా తక్కువ. నీళ్ల సంగతో? పొడుగాటి కార్బన్ తోకలున్న ఇమిడజోలియం లవణాలు నీటిలోని చిన్న ప్రాణుల్ని చంపుతాయి, సూక్ష్మజీవులకి సులువుగా విరగవు. కొలతల్లో అందరూ మెచ్చుకునే, పొడుగు పేరున్న ట్రైఫ్లోరోమిథైల్ సల్ఫోనైల్ ఇమైడ్ అయాను, పర్యావరణంలో చెరగకుండా మిగిలిపోయే ఫ్లోరిన్ సమ్మేళనాల కుటుంబంలోది. ఎంత ఆవిరి కాని ద్రవమైనా పంపు సీలు కారితే, ట్యాంకు కడిగితే, డ్రైన్‌లోకి వెళ్తుంది. డ్రైన్ నుంచి కామన్ ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ ప్లాంటుకి వెళ్తుంది.

సంగారెడ్డి జిల్లా వాళ్లకి ఇది పుస్తకంలో చదివిన భయం కాదు. ఇసకవాగు, నక్కవాగు పక్క ఊళ్లలో పొలాలు ఏమయ్యాయో, బోర్లలో ఏ రంగు నీళ్లు వచ్చాయో ఆ ఊరివాళ్లని అడిగితే చెబుతారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ట్రీట్‌మెంట్ ప్లాంటు నుంచి శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురిస్తే ప్రపంచమంతా మనవైపు చూసింది. అప్పుడు మందులు, ఇప్పుడు మంచి పని పేరుతో ఇంకో మొండి రసాయనం ఆ వాగులోకి వెళ్లకూడదు. అందుకే ఈ ఉత్తరంలో నేను రాజీ పడని షరతు ఒకటుంది: పైలట్‌లోకి ఏ ద్రవం రావాలన్నా, ముందు జీడిమెట్ల, పటాన్‌చెరు ట్రీట్‌మెంట్ ప్లాంట్ల బురదలో నీళ్లని శుద్ధిచేసే సూక్ష్మజీవుల మీద దాన్ని పరీక్షించి రావాలి. బురద చచ్చిపోతే ఆ ద్రవం గేటు బయటే ఆగిపోవాలి, అది ఎన్ని మోల్స్ పట్టినా సరే.

ఇంతసేపూ కష్టాలు చెప్పాను కాబట్టి ఈ రంగం మీద నాకు నమ్మకం లేదనుకోకండి. ఈ ద్రవాలు పరిశ్రమలో నిలబడ్డ చోట్లున్నాయి. జర్మనీలో బీఏఎస్‌ఎఫ్ 2002 ప్రాంతంలోనే ఒక రసాయన చర్యలో పుట్టే ఆమ్లాన్ని మిథైల్ ఇమిడజోల్‌తో అయానిక ద్రవంగా మార్చి, అడుగుపొరలా వేరుచేసేసింది. అంతకుముందు గట్టి ఉప్పు ముద్దని వడపోయాల్సి వచ్చేది. మలేసియాలో పెట్రోనాస్ సహజవాయువు నుంచి పాదరసం తీయడానికి వాడుతోంది. 2021లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో షెవ్రాన్ హైడ్రోజన్ ఫ్లోరైడ్ బదులు అయానిక ద్రవంతో ఆల్కైలేషన్ (పెట్రోలులో కలిపే సరుకు తయారుచేసే చర్య) మొదలుపెట్టింది. పెట్రోనాస్ ద్రవం వెనక బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో 1999లో మొదలైన క్విల్ కేంద్రం ఉంది. అక్కడ కంపెనీలు చందా కట్టి సభ్యులుగా చేరి, తమ ప్లాంటులోని చిక్కుల్ని విద్యార్థుల ముందు పెడతాయి. ఈ మూడు కంపెనీల్లోనూ పరిశోధన మొదలైంది ప్లాంటులో రోజూ తలనొప్పి పెట్టే ఒక పని నుంచి.

మా తలనొప్పి ఏమిటో చెబుతాను. టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్ రికవరీ తీసుకోండి. వాడేసిన సాల్వెంట్‌ని స్వేదన కాలమ్‌లోకి ఎక్కిస్తాం. పైన 64 డిగ్రీల దగ్గర టెంపరేచర్ నిలబడుతుంది. రిఫ్లక్స్ (పైనుంచి మళ్ళీ కాలమ్‌లోకి తిప్పే ద్రవం) ఎంత పెంచినా, ఎంత ఆవిరి పోసినా, పైనుంచి వచ్చేదానిలో ఐదారు శాతం నీళ్లు వదలవు. అది అజియోట్రోప్, అంటే మరిగించి విడదీయలేని మిశ్రమం; కాలమ్‌లో ఎన్ని ప్లేట్లు పెట్టినా ఆ గోడ దాటదు. షిఫ్ట్ కెమిస్ట్ శాంపిల్ పట్టి కేఎఫ్ (కార్ల్ ఫిషర్ తేమ పరీక్ష) చేస్తే వచ్చే తేమ, ప్రొడక్షన్ వాళ్లు అడిగే తేమకి వంద రెట్లు. అప్పుడు చాలాచోట్ల కాస్టిక్ ఫ్లేక్స్ వేసి ఆ నీళ్లని లాగేస్తారు. సాల్వెంట్ బాగుపడుతుంది. అడుగున మిగిలిన కాస్టిక్ నీళ్లు హై టీడీఎస్ (లవణాలు ఎక్కువగా కరిగిన) ఎఫ్లుయెంట్ అయి ఎంఈఈకి, అంటే నీళ్లని ఆవిరి చేసే యూనిట్‌కి, వెళ్తాయి. ఎంఈఈకి మళ్ళీ ఆవిరి కావాలి, ఆవిరికి మళ్ళీ బొగ్గు. ఒక సాల్వెంట్‌లో ఐదు శాతం నీళ్ల కోసం రెండుసార్లు బొగ్గు కాలుస్తున్నాం.

ఇక్కడ అయానిక ద్రవం బాగా అతుకుతుంది. నీటిని ఇష్టపడే ద్రవాన్ని కాలమ్ పైభాగంలో వదిలితే అది నీటిని పట్టుకుని కిందికి తెస్తుంది, పొడి సాల్వెంట్ పైనుంచి వెళ్తుంది. ద్రవం ఆవిరి కాదు కాబట్టి పైన వచ్చే సాల్వెంట్‌లో కలవదు. మందుల తయారీలో అది చాలా పెద్ద సుఖం, మామూలు ఎంట్రైనర్ (నీటిని విడదీయడానికి కలిపే ద్రవం) అయితే దాని జాడ ప్రతి బ్యాచ్‌లోనూ వెతకాలి. కింద చేరిన ద్రవాన్ని వ్యాక్యూమ్‌లో వేడిచేస్తే నీళ్లు పోతాయి, ద్రవం మళ్ళీ పైకి. ఇలా తగ్గే ఆవిరి కొద్దిపాటిదైనా, ఆ మేరకు కార్బన్ డయాక్సైడ్ పుట్టనే పుట్టదు. హైదరాబాద్‌లో ఈ ద్రవాలకి మొదటి జీతం పొగగొట్టం దగ్గర కంటే రికవరీ కాలమ్ దగ్గరే దొరుకుతుందని నా అంచనా. అందుకే పైలట్‌లో పొగ టవర్ పక్కనే ఒక చిన్న రికవరీ కాలమ్ కూడా ఉండాలని కోరుతున్నాను.

ధర అడ్డమని కంపెనీ యజమానులు అంటారు. నిజమే, ల్యాబ్ గ్రేడ్ అయానిక ద్రవం ధర అమీన్‌కి ఎన్నో పదుల రెట్లు. కానీ వీటికి దగ్గరి బంధువులున్నాయి, డీప్ యుటెక్టిక్ ద్రవాలని. 2003లో అబాట్ బృందం చూపించిన మొదటిది కోలిన్ క్లోరైడ్, యూరియా మిశ్రమం. ఒకటి కోళ్ల మేతలో కలిపేది, రెండోది రైతు పొలంలో చల్లేది. విడిగా ఒకటి 302 డిగ్రీల దగ్గర, ఇంకోటి 133 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక మోలుకి రెండు మోల్స్ కలిపి 80 డిగ్రీల దగ్గర తిప్పుతుంటే, తెల్లటి పొడి ముందు అంచుల్లో తడిబారుతుంది, తర్వాత ముద్దవుతుంది, కాసేపటికి నీళ్లలా తేటపడుతుంది. చల్లారాక కూడా ద్రవంగానే ఉంటుంది, 12 డిగ్రీల దాకా గడ్డకట్టదు. యూరియాతో చేసినదానికి మామూలు పీడనంలో కార్బన్ డయాక్సైడ్ పట్టే శక్తి తక్కువే. యూరియా బదులు ఇథనాల్ అమీన్ కలిపితే బాగా పెరుగుతుంది. కోళ్ల పరిశ్రమకి పేరుపడ్డ రాష్ట్రంలో కోలిన్ క్లోరైడ్ టన్నుల్లో దొరకడం కష్టం కాదు. రైతుబజారు ధరలో దొరికే ముడిసరుకుతో మొదలుపెట్టే పరిశోధనకి ముందు చోటివ్వండి.

ఇప్పుడు యూనిట్ ఎలా ఉండాలో చెబుతాను. పెద్దది అక్కర్లేదు. పొగలో గంటకి 40 ఘనపు మీటర్లు పక్కకి లాగితే అందులో దాదాపు పది కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, దానికి ఆరంగుళాల వ్యాసమున్న టవర్ సరిపోతుంది. పొగని చల్లబరిచే చిన్న స్క్రబ్బరు, గ్యాసుని పట్టే అబ్జార్బరు ఒకటి, వదిలించే స్ట్రిప్పరు ఒకటి, వ్యాక్యూమ్ పంపు, గ్యాస్ ఎనలైజరు, ఆవిరి మీటరు, కరెంటు మీటరు. చివరి రెండూ మరిచిపోవద్దు, పట్టిన ప్రతి కిలోకి ఎంత వేడి, ఎంత కరెంటు అయిందో అవే చెబుతాయి. పోలిక కోసం మొదటి నెల 30 శాతం మోనోఇథనాల్ అమీన్‌తోనే నడపాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి ద్రవమూ అదే పొగలో, అదే మీటర్ల మీద దానితో పోటీపడాలి. మన దేశంలో అమీన్ రకం ద్రావణాలు నేలమీద నడుస్తున్నాయి కూడా: 2016లో తూత్తుకుడి సోడా యాష్ ప్లాంటు ఏడాదికి 60,000 టన్నులు పట్టేలా, 2021లో జంషెడ్‌పూర్ టాటా స్టీల్ రోజుకి 5 టన్నులు, 2022లో వింధ్యాచల్ ఎన్‌టీపీసీ రోజుకి 20 టన్నులు పట్టేలా యూనిట్లు పెట్టాయి. కొత్త ద్రవం గెలవాల్సింది వీటి మీద. ల్యాబ్ సిలిండర్ మీద గెలిస్తే లాభం లేదు.

పరిశ్రమల శాఖ వారికి: స్థలం, బాయిలర్ ఉన్న కంపెనీ ఒప్పుకోలు, పొల్యూషన్ బోర్డు అనుమతి, ఈ మూడూ విడివిడిగా తిరిగితే ఒక స్కాలర్ పీహెచ్‌డీ కాలమంతా ఫైళ్లకే సరిపోతుంది. మీరు ఒక ఉత్తర్వుతో ఒకచోట ఇవ్వగలరు. తన పొగగొట్టాన్ని ఇచ్చిన కంపెనీకి, అక్కడ దొరికిన అంకెలు చూపించి నోటీసులిచ్చే పరిస్థితి రాకుండా ముందే హామీ ఇవ్వండి. లేకపోతే ఎవరూ గేటు తీయరు. డబ్బుకి రాష్ట్రం ఒక్కటే దిక్కు కాదు. 2022లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఐఐటీ బొంబాయిలో, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో కార్బన్ క్యాప్చర్ జాతీయ కేంద్రాలు పెట్టింది. అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ ఉంది. తార్నాక, కంది, ఉస్మానియా, శామీర్‌పేట బిట్స్, వరంగల్ ఎన్ఐటీ అందరూ కలిసి ఒకే ప్రతిపాదన పంపితే దాని బరువు వేరు. తర్వాతి మెట్టు సిమెంటు. తాండూరు, హుజూర్‌నగర్ బట్టీల్లో వంద కిలోల సున్నపురాయి నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే వస్తుంది. బొగ్గు మానేసి సౌరశక్తి పెట్టుకున్నా అది ఆగదు. 2070 నాటికి నెట్ జీరో అని దేశం మాటిచ్చింది కాబట్టి ఆ రాయి సంగతి ఎవరో ఒకరు తేల్చాల్సిందే.

విభాగాధిపతులకి: పిల్లలు సిలిండర్ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారో మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ అంకె త్వరగా వస్తుంది, నున్నటి గ్రాఫ్ వస్తుంది, పేపర్ వస్తుంది. అసలు పొగలో ఆరు వారాలు నడిపి, ఏడో వారం ద్రవం నల్లబడి చెడిపోతే, ఆ స్కాలర్ చేతిలో ఏమీ మిగలలేదని మన పద్ధతి అంటుంది. ఎందుకు నల్లబడిందో తేల్చినవాడి పని, ఒక బార్ దగ్గర కరిగే మోతాదు కొలిచినవాడి పనికి ఏ మాత్రం తక్కువ కాదని మీరు డాక్టోరల్ కమిటీలో చెప్పాలి, థీసిస్‌లో ఆ అధ్యాయానికి పూర్తి విలువ ఇవ్వాలి. కంప్యూటర్లో కాస్మో లెక్కలతో (ద్రవాల గుణాల్ని ముందే అంచనా వేసే పద్ధతితో) వేల అయాన్ల జతల్ని జల్లెడపట్టే పని మన దగ్గర చేయగలవాళ్లున్నారు. ఆ జల్లెడలో చిక్కదనం, తేమ, సల్ఫర్ డయాక్సైడ్, బురదలోని జీవులు కూడా చేరాలి. అయాన్ల జతలు పది లక్షలకు తక్కువ ఉండవని అయానిక ద్రవాల పరిశోధకుడు కెన్నెత్ సెడన్ అంచనా వేశారు. అన్నిటినీ టవర్లో పోసి చూడలేం కదా.

ఇంకొక మాట. యూనిట్ నడిపేది రాత్రి షిఫ్ట్‌లో ఐటీఐ చదివిన ఆపరేటర్లు. కొత్త ద్రవం డ్రమ్ము మీద ఇంగ్లిష్ పేరు తప్ప ఏమీ లేకపోతే వాళ్లు దాన్ని నూనెలాగే చూస్తారు. ఒంటిమీద పడితే ఏం చేయాలి, నేలమీద పడితే దేనితో తుడవాలి, ఏ డ్రైన్‌లోకి పోకూడదు, ఇవన్నీ తెలుగులో రాసి డ్రమ్ముకి అంటించి ఉండాలి. ఆ కాగితం ద్రవాన్ని తయారుచేసిన స్కాలరే రాయాలని నా కోరిక.

మొదటి సమావేశం పెట్టేటప్పుడు డైరెక్టర్లనీ ప్రొఫెసర్లనీ మాత్రమే పిలవకండి. ఇద్దరు బాయిలర్ ఆపరేటర్లని, ఒక ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) ఇన్‌చార్జిని, నక్కవాగు పక్క ఊరి రైతుల్ని పిలవండి. పరీక్షలు జనవరిలో మొదలుపెట్టినా ఒక విడత మే నెలలో తప్పకుండా నడపండి. కూలింగ్ టవర్ నీళ్లు 32 డిగ్రీలకి దిగనంటున్నప్పుడు ద్రవం ఎంత పడుతుందో అప్పుడే తెలుస్తుంది. పటాన్‌చెరు వైపు పొగగొట్టం ఇవ్వడానికి సిద్ధపడే కంపెనీలని వెతికే పని నాకు అప్పగిస్తే, ఆదివారాలు కూడా తిరుగుతాను.

ఇట్లు,
ఒక ప్రాసెస్ ఇంజినీరు,
పటాన్‌చెరు